ఆరు, ఎనిమిది, తొమ్మిది పాయింట్ ఆరు

తిరుపతిరావు మాస్టారికి ఒక పిచ్చి ఉంది. పిల్లలు లెక్క తప్పు చేస్తే ఎవరికైనా కోపం వస్తుంది. ఈయనకు మాత్రం కళ్ళు మెరుస్తాయి. కుర్చీ ముందుకు జరుపుకుని, "ఏదీ, ఏదీ? ఇంకోసారి చేసి చూపించు. ఇదెట్లా వచ్చింది నీకు?" అని అడుగుతారు. ఆ అడగడంలో వెటకారం ఉండదు. నిజంగానే తెలుసుకోవాలని ఉంటుంది ఆయనకు.

ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆయన పని ఇదే. విజయవాడలో ఇళ్ళకు వెళ్ళి ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా పిల్లలకు లెక్కలు చెప్పడం. సొంతూరు పామర్రు పక్కన ఒక పల్లె. అన్నదమ్ములు పొలం చూసుకుంటే, బీఎస్సీ చదివిన ఈయన ఉద్యోగం కోసం పరీక్షలు రాస్తూ, ఈలోపు చేతిఖర్చులకు ఉంటాయిలే అని ట్యూషన్లు మొదలుపెట్టారు. ఉద్యోగం రాలేదు, ట్యూషన్లు పోలేదు. ఇరుక్కుపోయాడని బంధువులంటారు. ఆయన్నడిగితే కుదురుకున్నానంటారు. ఊళ్ళో కోచింగ్ కాలేజీలు అంతస్తు మీద అంతస్తు లేచాయి, లెక్కలు చెప్పే వీడియోలు పిల్లల ఫోన్లలోకి వచ్చేశాయి. ఈయన మోపెడ్ మాత్రం సత్యనారాయణపురంలో రోజూ నాలుగింటికి బయలుదేరుతూనే ఉంది.

ఆయన దగ్గర ఒక తప్పుల పుస్తకం ఉంది. పిల్లలు చేసిన తప్పు, అది ఎందుకు చేశారన్న కారణం, రెండూ అందులో రాసుకుంటారు. అర్హాన్ అనే కుర్రాడు ఒకటి బై రెండు, ఒకటి బై మూడు కలిపి రెండు బై అయిదు అని రాశాడు. అందరూ చీవాట్లు పెట్టేవాళ్ళే. మాస్టారు అడిగితే వాడు చెప్పిన సంగతి ఇదీ: "పోయిన వారం రెండు మ్యాచ్‌లాడి ఒకటి గెలిచాం సార్. ఈ వారం మూడాడి ఒకటి గెలిచాం. మొత్తం అయిదింట్లో రెండే గదా?" మాస్టారు ఆ రోజంతా ఆ మాటే తలుచుకుని మురిసిపోయారు. "తప్పు ఊరికే రాదే, దానికీ ఒక దారి ఉంటుంది. ఆ దారి పట్టుకుంటే పిల్ల దొరుకుతుంది" అని భార్య రామతులసికి చెప్పారు.

"అందరూ ముత్యాలూ పగడాలూ దాచుకుంటే, నా మొగుడు తప్పులు దాచుకుంటాడమ్మా" అని ఆవిడ పక్కింటావిడకు చెప్పుకుని నవ్వుకుంటుంది. 

అలాంటి మనిషికి జనవరి ఆఖర్లో ఒక తప్పు ఎదురొచ్చింది. దాని దారి ఎంత వెతికినా దొరకలేదు.

గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్లో స్టీలు సామాను దుకాణంలో పనిచేసే అబ్దుల్ రవూఫ్ ఆయనకు ఫోన్ చేశాడు. ఇల్లు తారాపేటలో. రెండు గదులు. ముందు గదిలో ఒక పక్క కుట్టుమిషను, ఆ పక్కనే చాప మీద రవూఫ్ భార్య అక్తరున్నీసా జాకెట్లు కత్తిరిస్తూ కూర్చుని ఉంది. రెండో పక్క ఒక ప్లాస్టిక్ బల్ల, దాని ముందు తొమ్మిదో తరగతి చదివే హఫ్సా. పిల్ల తల వంచుకుని ఉంది గానీ, తప్పు చేసినదానిలా మాత్రం లేదు.

"హాఫ్ ఇయర్లీలో వందకి ఇరవై రెండు వచ్చినయ్ మాస్టారూ" అన్నాడు రవూఫ్. "ఏడో తరగతి దాకా ఫస్టు వచ్చే పిల్ల. ప్రిన్సిపల్ మేడమ్ పిలిచి రెండు మాటలు చెప్పింది. యాన్యువల్ పరీక్షలో ముప్పై అయిదు దాటకపోతే టీసీ తీసుకెళ్ళమంది. వాళ్ళకి పదో తరగతిలో అందరూ పాసవ్వాలంట. రెండో మాట, లెక్కల సార్‌కి రాతపూర్వకంగా సారీ చెప్పాలంట."

"సారీ ఎందుకూ?"

రవూఫ్ జవాబు పత్రం చేతికిచ్చాడు.

నాలుగు మార్కుల ప్రశ్న. ఆరు సెంటీమీటర్లు, ఎనిమిది సెంటీమీటర్లు భుజాలుగా లంబకోణ త్రిభుజం గీసి, మూడో భుజం కొలిచి, పైథాగరస్ సూత్రాన్ని సరిచూడమని. ఇది ఎవరికైనా తెలిసిందే. ఆరార్లు ముప్పై ఆరు, ఎనిమిదెనిమిదులు అరవై నాలుగు, కలిపితే వంద. పది పదులు వంద. కాబట్టి మూడో భుజం పది రావాలి. పిల్లలెవరూ కొలవరు. పది అని రాసేసి, సరిపోయింది అని రాసి, కింద గీత కొట్టి ముందుకు పోతారు. హఫ్సా కొలిచింది. కొలిచి, ఇంగ్లీషులో ఇలా రాసింది: "మూడుసార్లు గీశాను. మూడుసార్లూ 9.6 వచ్చింది. ఫార్ములా తప్పు." దాని చుట్టూ ఎర్ర సిరాతో మూడు సున్నాలు చుట్టి ఉన్నాయి, కాగితం చిరిగేటంత బలంగా. ఆ తరవాత మూడు పేజీల నిండా త్రిభుజాలే. దాని తరవాతి ప్రశ్నలన్నీ ఖాళీ.

"క్లాసులో పవన్‌కుమార్ సార్ అడిగితే, 'ఫార్ములా తప్పు సార్, బోర్డు మీద గీసి చూపించమంటారా' అందంట" అన్నాడు రవూఫ్. "పిల్లలంతా నవ్వారంట. ఆయనకి తలకొట్టేసినట్టయింది."

మాస్టారికి పెదవుల చివర నవ్వు వచ్చింది. ఆపుకున్నారు. "మిగతా లెక్కలు ఎందుకు వదిలేశావమ్మా?" అని అడిగారు.

హఫ్సా మొదటిసారి తలెత్తింది. "ఇది అబద్ధమైతే మిగతా ఫార్ములాలు నిజమని ఏంటి సార్ నమ్మకం? నమ్మకం లేకుండా ఎట్లా రాస్తాను?"

"చూశారా మాస్టారూ! పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు" అంది అక్తరున్నీసా, నోట్లో పెట్టుకున్న గుండుసూది తీసి. "సారీ రాయవే అంటే, నిజమని చూపిస్తే రాస్తానంటది. ఇట్లాగే ఉంటే బడి లేదు, ఏం లేదు. పదో తరగతి లేకుండా ఏం చేస్తది? నాతో పాటు మిషను తొక్కుద్ది. నాకు ఇష్టం లేదు మాస్టారూ. నా నడుం నాకు తెలుసు."

రెండు నెలలుంది. బడి నిలబడాలంటే ఆ పిల్లకు నమ్మకం కుదరాలి, నమ్మకం కుదరాలంటే ఆ నాలుగు మిల్లీమీటర్లు ఎక్కడ పోయాయో తెలియాలి. ఇంతే కదా అనుకున్నారు మాస్టారు. మర్నాడు తన చేత్తో తనే ఒక త్రిభుజం గీసి చూపించారు. కచ్చితంగా పది వచ్చింది.

"మీరు గీస్తే మీకు వస్తది" అంది హఫ్సా. తనే గీసింది. తొమ్మిది పాయింట్ ఆరు. "మనిషిని బట్టి ఫార్ములా మారుద్దా సార్?"

అమ్మ దొంగా, అనుకున్నారు మాస్టారు. కోణం సరిగ్గా రావడం లేదేమో అని మూలమట్టం పెట్టి చూశారు. గోడలా నిటారుగా ఉంది. పెన్సిలు లావుగా ఉందేమోనని సన్న ములుకుది తెచ్చారు. వృత్తలేఖిని వదులైందేమోనని బీసెంట్ రోడ్డులో కొత్త జామెట్రీ బాక్సు కొన్నారు. తేడా లేదు. మూడు, నాలుగు పెట్టి గీయమన్నారు. అయిదు రావాల్సింది నాలుగు పాయింట్ ఆరు వచ్చింది. అయిదు, పన్నెండు పెట్టి గీయమన్నారు. పదమూడుకి బదులు పన్నెండు పాయింట్ ఏడు.

ఇక్కడే ఆయనకు కుతూహలం ముదిరింది. అజాగ్రత్తగా గీసే పిల్లలకు ఒకసారి ఎక్కువొస్తుంది, ఒకసారి తక్కువొస్తుంది. ఈ పిల్లకు ఎప్పుడూ తక్కువే. ఎప్పుడూ మూడు నాలుగు మిల్లీమీటర్లే. పైగా ఒకరోజు, "అమ్మీ టేపుతో తలుపు కూడా కొలిచాను సార్, అడ్డం, నిలువు, ఐమూల. అక్కడా తక్కువే వచ్చింది" అంది. ఇక తలుపు కూడా కుట్రలో చేరిందా అని మాస్టారు తల పట్టుకున్నారు.

ఇంటికి వెళ్ళి రామతులసి ముందు కూర్చుని ఈ గోడంతా వెళ్ళబోసుకున్నారు. ఆవిడ వంకాయలు తరుగుతోంది.

"పైథాగరస్ ఏం చేశాడో నాకేం తెలుసండీ" అంది. "నేను వంట నేర్చుకునే రోజుల్లో పులుసు చెడితే మా అమ్మ పులుసు రుచి చూసేది కాదు. మళ్ళీ పెట్టమని, పక్కన నిలబడి నా చేతులు చూసేది."

"అది వంట. ఇది జామెట్రీ" అన్నారు మాస్టారు విసుగ్గా.

"అవునవును, మీదంతా పెద్ద విద్య" అని ఆవిడ వంకాయ ముక్కలు నీళ్ళలో వేసుకుంది.

ఫిబ్రవరి సగం పడేసరికి మాస్టారికి నిజంగా భయం పట్టుకుంది. సూత్రాన్ని ఆయన నాలుగు రకాలుగా నిరూపించారు. కాగితం కత్తిరించి, చతురస్రాలు అంటించి చూపించారు. హఫ్సా ప్రతి మెట్టూ ఒప్పుకునేది. ఆఖర్న, "మరి నాకెందుకు రావట్లేదు?" అనేది. ఈ ముప్పై ఒక్క ఏళ్ళలో ఆయన కొందరు పిల్లల్ని పాస్ చేయించలేకపోయారు, అది వేరు. ఈ పిల్ల తప్పు చేసి బడి పోగొట్టుకోవడం లేదు. చూసింది చూసినట్టు చెప్పి పోగొట్టుకుంటోంది. ఆ సంగతి తలుచుకుంటే ఆయనకు అన్నం సహించేది కాదు.

రంజాన్ నెల వచ్చింది. పండక్కి కుట్లు మీద పడ్డాయి అక్తరున్నీసాకు. గదిలో సగం గుడ్డల మూటలే. మొదటి రోజు ఉపవాసంలో ఉండి కూడా మాస్టారికి టీ పెట్టుకొచ్చింది. ఆయన సిగ్గుపడిపోయి, "ఈ నెలంతా నాకేం వద్దమ్మా, నేను తాగే వచ్చాను" అని అబద్ధమాడారు. మార్చి మొదటి వారంలో ఒక సాయంత్రం, ఆవిడ చాప మీద ఒక ఆది జాకెట్టు పరుచుకుని కూర్చుంది. సరిగ్గా కుదిరిన పాత జాకెట్టును ఆదిగా ఇచ్చి, దీనిలాగే కుట్టమంటారు కదా, అది. చేతుల్లో కత్తెర, గుడ్డ ఉండటంతో కూతుర్ని పిలిచింది.

"హఫ్సా, ఆ చెయ్యి పొడుగు కొంచెం చూసి చెప్పు."

హఫ్సా బల్ల దగ్గర్నుంచి లేచి, తల్లి మెడలో వేసుకునే టేపు అందుకుని, జాకెట్టు చేతి మీద పరిచింది. "తొమ్మిది" అని చెప్పి వచ్చి కూర్చుంది.

మాస్టారు ఊరికే చూస్తున్నారు. చూస్తున్నవారు అలాగే ఉండిపోయారు. పిల్ల బొటనవేలు టేపు మొదట్లో లేదు. ఒకటి అంకె మీద ఉంది.

"అమ్మా, ఆ టేపు ఒకసారి ఇస్తారా?" అన్నారు. చేతిలోకి తీసుకుని చూశారు. ఏ కాలం నాటిదో. కొసన ఉండాల్సిన ఇత్తడి బిళ్ళ ఊడిపోయింది. మొదటి అంగుళం పీచుపీచై, గీతలు చెరిగిపోయి ఉంది. పట్టుకోవాలంటే ఒకటి దగ్గరే పట్టుకోవాలి.

"హఫ్సా, ఆరు సెంటీమీటర్ల గీత ఒకటి గియ్యమ్మా" అన్నారు.

హఫ్సా స్కేలు పెట్టింది. ఈసారి ఆయన పెన్సిలు ఆగిన చోటు చూడలేదు, బయలుదేరిన చోటు చూశారు. ఒకటి దగ్గర బొటనవేలు. ఒకటి నుంచి ఆరు దాకా గీత.

"ఎంత?"

"ఆరు."

"ఇప్పుడు అంకెలు చూడకు. మధ్యలో గళ్ళు లెక్కపెట్టు."

హఫ్సా పెన్సిలు మొనతో ఒక్కో గడీ లెక్కపెట్టింది. అయిదు. మళ్ళీ లెక్కపెట్టింది. అయిదే. పిల్ల ముఖం పాలిపోయింది.

"సున్నా దగ్గర్నుంచి ఎందుకు మొదలెట్టలేదమ్మా?"

"సున్నా అంటే ఏమీ లేదని గదా సార్" అంది మెల్లగా. "ఏమీ లేని దగ్గర్నుంచి కొలవడం ఏంటి? అమ్మీ ఎప్పుడూ ఒకటి దగ్గరే పట్టుకుంటది. నేనూ చిన్నప్పట్నుంచీ అక్కడే పట్టుకుంటా."

మాస్టారు ఆనందం పట్టలేక లేచి నిలబడ్డారు. "దొరికిందమ్మా దొరికింది! తప్పు టేపులో ఉంది!"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. అక్తరున్నీసా కత్తెర కింద పెట్టింది.

"ఏంటి మాస్టారూ, నా టేపు తప్పా? మా అమ్మ ఇచ్చిన టేపది. ఇరవై ఏళ్ళుగా దీంతోనే కుడుతున్నా. వన్‌టౌన్ నుంచి, భవానీపురం నుంచి వచ్చి కుట్టించుకుంటారు. ఒక్క జాకెట్టు, ఒక్కటంటే ఒక్కటి, పట్టలేదని వెనక్కి రాలేదు. కొలత తప్పయితే ఎట్లా సరిపోతాయ్? చెప్పండి!"

నిజమే. ఎట్లా సరిపోతాయి? చెయ్యి తొమ్మిది అంది పిల్ల. అసలు ఉన్నది ఎనిమిది. తొమ్మిదే అనుకుని గుడ్డ కత్తిరిస్తే, ఆ తల్లి కుట్టిన ప్రతి జాకెట్టుకీ చేతులు అంగుళం వేలాడాలి. వేలాడటం లేదు. ఆయన వెళ్ళి కూర్చున్నారు. "నాకు తెలియదమ్మా" అన్నారు. ఆ మాట అంటుంటే ఆయన కళ్ళలో మళ్ళీ ఆ మెరుపు. "అమ్మా, కోపం తెచ్చుకోకుండా ఆ గుడ్డ మీద తొమ్మిది గుర్తు పెట్టి చూపిస్తారా?"

ఆవిడ విసురుగానే సుద్దముక్క తీసుకుని, గుడ్డ మీద టేపు పరిచి గుర్తు పెట్టింది. హఫ్సా వంగి తల్లి చేతుల్నే చూస్తోంది. వీధిలో ఆటోల హారన్లు వినిపిస్తున్నాయి.

"అమ్మీ మళ్ళీ ఒకటి దగ్గరే పట్టుకుంది" అంది హఫ్సా. "సార్! ఆది కొలిచేటప్పుడు ఒకటి ఎక్కువ చెప్తది. గుడ్డ మీద పెట్టేటప్పుడు కూడా ఆ ఒకటి ఎక్కువే ఉంటది. అంటే రెండు పక్కలా ప్లస్ వన్. రెండు పక్కలా తీసేయొచ్చు. పోయిందిగా!"

"పోయింది" అన్నారు మాస్టారు. "మరి త్రిభుజంలో ఎందుకు పోలేదు?"

హఫ్సా కాగితం లాక్కుంది. మూడు భుజాలకూ ఏ, బీ, సీ అని పేర్లు పెట్టి, ఒక్కోదానికీ ఒకటి కలిపి రాసింది. వర్గం చేసింది. పెన్సిలు ఆగింది, కదిలింది, మళ్ళీ ఆగింది. "ఎందుకంటే ఇక్కడ దాన్ని దాంతోనే గుణిస్తున్నాం సార్. వన్ ఒక్కటే రావట్లేదు. మధ్యలో టూ ఏ కూడా వచ్చి కూర్చుంటది. అటు రెండు భుజాలు, ఇటు ఒకటే భుజం. ఇది కొట్టుకుపోదు!"

ఎవరూ చెప్పలేదు ఆ పిల్లకు. నోట్సులో లేదు, గైడులో లేదు. మాస్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. అద్దాలకేం కాలేదు. హఫ్సా స్కేలు సున్నా దగ్గర పెట్టి కొత్త త్రిభుజం గీసింది. ఆరు, ఎనిమిది. మూడో భుజం కొలిచింది. పది. గీత మీద గీత పడ్డట్టు పది. కాగితాన్ని తిప్పి తిప్పి చూసుకుంది. "నిజమే" అంది, ఎవరికో చెబుతున్నట్టు. తరవాత ఏడ్చేసింది.

"అల్లా! దొరికితే ఏడుస్తావేంటే?" అంది తల్లి కంగారుగా. కోపం ఎటుపోయిందో తెలియదు. "మొత్తానికి నా జాకెట్లు కరెక్టే గదా మాస్టారూ?"

"మీ జాకెట్లు కరెక్టేనమ్మా. నూటికి నూరు."

ఆ సాయంత్రం మోపెడ్ మీద వస్తూ మాస్టారు ఏలూరు రోడ్డులో సిగ్నల్ దగ్గర ఆగారు. సంతోషంతో నిండి ఉన్న మనసులో అప్పుడొచ్చింది ఆ ఆలోచన. నలభై రోజులుగా ఆ పిల్ల గీసిన త్రిభుజాలు ఎన్ని చూశారు తను? యాభై? అరవై? అందులో ఒక్కదాని మీదయినా, ఆరు అని రాసిన గీత నిజంగా ఆరు ఉందా అని తన స్కేలు పెట్టి చూశారా? చూడలేదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికాడు తిరుపతిరావు. కోణం చూశారు, పెన్సిలు చూశారు, కొత్త బాక్సు కొన్నారు, నాలుగు నిరూపణలు చేశారు. కొలవలేదు. ఎందుకంటే జవాబు ఆయనకు ముందే తెలుసు. సిగ్నల్ మారి వెనకనున్న బండివాడు హారన్ కొట్టి తిట్టేదాకా ఆయన కదల్లేదు.

ఆ తరవాత నెలంతా హఫ్సాను పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. వదిలేసిన పాఠాలన్నీ ఒక్కొక్కటే లాగింది. ప్రతిదాన్నీ పరీక్షించి గానీ ఒప్పుకోలేదు. గ్లాసులో నీళ్ళు పోసి ఘనపరిమాణం చూసింది, వంటింటి మూతలన్నిటికీ దారం చుట్టి 'పై' విలువ చూసింది. సగం సిలబస్ అయ్యేసరికే పరీక్ష వచ్చేస్తుందేమోనని మాస్టారు లోలోపల బెంబేలుపడ్డారు. ఆపమని మాత్రం అనలేకపోయారు.

ఏప్రిల్లో ఫలితాలు ఇచ్చారు. వందకి అరవై ఎనిమిది.

ఆ రోజు ప్రిన్సిపల్ సీతారావమ్మ గదిలో అయిదుగురున్నారు. బల్లకు అవతల ఆవిడ. పక్కన నిలబడి పవన్‌కుమార్ సార్, ముప్పై ఏళ్ళ మనిషి, అలసిపోయిన ముఖం. ఇవతల రవూఫ్, హఫ్సా, రవూఫ్ బతిమాలి తీసుకొచ్చిన తిరుపతిరావు మాస్టారు.

"మార్కులొచ్చాయి, సంతోషం" అంది సీతారావమ్మ. "రెండోది మిగిలింది. సారీ లెటర్. అది ఫైల్లో ఉంటే గానీ పదో తరగతికి పేరు ఎక్కించను. డిసిప్లిన్ ముఖ్యం నాకు." ఒక తెల్లకాగితం బల్ల మీద ముందుకు తోసింది.

"రాసెయ్ బేటీ" అన్నాడు రవూఫ్ గొంతు తగ్గించి. చెమటలు పోస్తున్నాయి అతనికి.

"తెలుగులో రాయొచ్చా మేడమ్?" అని అడిగింది హఫ్సా. రాయమంది ఆవిడ. పిల్ల నిలబడే వంగి రాసింది. ఎక్కువసేపు పట్టలేదు. సీతారావమ్మ కళ్ళజోడు సర్దుకుని పైకే చదివింది.

"గౌరవనీయులైన పవన్‌కుమార్ సార్‌కి. నేను స్కేలు ఒకటి దగ్గర పెట్టి కొలిచాను. అది నా తప్పు. పైథాగరస్ ఫార్ములా నిజం. నిజమైనదాన్ని తప్పు అన్నందుకు సారీ సార్. క్లాసులో అందరూ నవ్వినందుకు కూడా సారీ. కొలిచి చూసినందుకు మాత్రం సారీ చెప్పలేను. కొలవకపోతే అది నిజమో కాదో నాకు ఎప్పటికీ తెలిసేది కాదు."

రవూఫ్ కళ్ళు మూసుకున్నాడు. అయిపోయింది, చేతిదాకా వచ్చింది జారిపోయింది అనుకున్నాడు.

"చూశారా మేడమ్" అన్నాడు పవన్‌కుమార్. "ఇది సారీనా? చివర్లో మళ్ళీ అదే పొగరు."

సీతారావమ్మ ఫైలు తెరిచి, రవూఫ్ సంతకం పెట్టి తిరిగిచ్చిన డిసెంబరు నాటి జవాబు పత్రం బయటికి లాగింది. సొరుగులోంచి స్కేలు తీసింది. ఎర్ర సున్నాలు చుట్టిన ఆ త్రిభుజం మీద పెట్టింది. "అయిదు" అంది. రెండో భుజం మీద పెట్టి, "ఏడు" అంది. తలెత్తింది. "ఆరు కాదు, ఎనిమిది కాదు. పవన్‌కుమార్ గారూ, ఇది మీరు కొలిచారా?"

ఆయన ముఖం కందిపోయింది. "నాలుగు సెక్షన్లు మేడమ్. రెండు వందల పైన పేపర్లు..." అని ఆగిపోయాడు.

"మరి మాస్టారు పట్టుకున్నారు కదా" అంది ఆవిడ తిరుపతిరావు వైపు చూపిస్తూ.

ఊరుకుంటే సరిపోయేది. రవూఫ్ కృతజ్ఞతగా చూస్తున్నాడు, గదిలో ఆయనకు గౌరవం ఉంది. కానీ మాస్టారు ఊరుకోలేకపోయారు.

"నేనూ కొలవలేదండీ" అన్నారు. "నలభై రోజులు ఆ పిల్ల ఎదురుగా కూర్చున్నాను. ఎన్నో త్రిభుజాలు గీసింది. ఒక్కదాని మీదా స్కేలు పెట్టలేదు. నాకు జవాబు తెలుసు గదా అని. ఈ సార్‌ని అనడానికి నాకు నోరు లేదు. ఇంతమందిమి ఉన్నాం, కొలిచింది ఈ అమ్మాయొక్కతే."

హఫ్సా మాస్టారి వైపు ఆశ్చర్యంగా చూసింది. ఆయన నేలవైపు చూస్తున్నారు.

సీతారావమ్మ జవాబు పత్రాన్ని పవన్‌కుమార్ ముందుకు జరిపింది. "ఈ ప్రశ్నకి ఎన్ని మార్కులు?"

"నాలుగు మేడమ్."

"మళ్ళీ దిద్దండి."

ఆయన జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఈసారి నిజంగా చదివాడు. కోణం చూశాడు, మెట్లు చూశాడు, ప్రిన్సిపల్ చేతిలోంచి స్కేలు తీసుకుని తనే స్వయంగా కొలిచాడు. చాలాసేపు పట్టింది. తాను చుట్టిన సున్నాలను ఒక్కొక్కటిగా కొట్టేసి, పక్కన మూడున్నర వేశాడు. హఫ్సా వైపు కాగితం తిప్పి, "మొదలుపెట్టిన చోటు తప్పు. అందుకని అర తీశాను" అన్నాడు.

హఫ్సా ఆ కాగితాన్ని చూసింది. కళ్ళనిండా నీళ్ళున్నాయి, అయినా సరిగ్గానే చూసింది.

"అర తియ్యడం కరెక్టే సార్" అంది.